లెక్కల మాస్టారి పసుపు కార్డు

ఏ శిక్షణకు వెళ్లొచ్చినా, అక్కడ నేర్పినదాన్ని ముందు తన మీద ప్రయోగించుకుంటే గానీ లెక్కల మాస్టారికి నిద్రపట్టదు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు, పందొమ్మిది శిక్షణలు, పందొమ్మిది సర్టిఫికెట్లు. ప్రథమ చికిత్స నేర్చుకున్న వారం నిక్షేపంలాంటి కుడిచేతికి కట్టు కట్టుకుని, ఎడమచేత్తో హాజరు వేశారు. అగ్నిప్రమాదాల శిక్షణ అయ్యాక మూడు రోజులు స్టాఫ్ రూములోంచి పాకుతూ బయటికొచ్చారు. అడిగితే, "పొగ పైనుంటుందండీ" అన్నారు.

అందుకే ఇరవయ్యో శిక్షణ అనగానే హెడ్‌మిస్ట్రెస్ గారికి నీరసం ముంచుకొచ్చింది. కానీ తప్పదు. ఆరో తరగతిలో ఆటిజం ఉన్న అమ్మాయి ఒకతె చేరింది. చప్పుడు ఎక్కువైతే బల్ల కిందకి దూరి చెవులు మూసుకుని కేకలు పెడుతుంది. నెలాఖరులోగా కుదురుకోకపోతే ఉంచలేమని స్కూలు కమిటీ తేల్చేసింది. తల్లి పని మానుకుని రోజంతా గేటు పక్క బెంచీ మీదే కూర్చుంటోంది.

సాయంత్రం నాలుగున్నరకి, ఏడు పీరియడ్లు అరిచి గొంతులు పోయిన టీచర్లు గడ్డాలు బల్లలకి ఆనించి విన్నారు. శిక్షణ ఇచ్చే ఆవిడ ఒక పసుపు కార్డు చూపించింది.

"భరించలేననిపిస్తే పాప ఇది ఎత్తుతుంది. ఏమీ అడక్కుండా బయటికి పంపండి. ఐదు నిమిషాల్లో తనే వస్తుంది."

"నాకూ ఒకటి ఇప్పించండి," అన్నారు మాస్టారు.

"మొదలెట్టారు మహానుభావుడు," అని గొణిగింది సైన్సు టీచరు.

మర్నాడు ప్రార్థన మధ్యలో మాస్టారు కార్డు ఎత్తి బయటికి నడిచారు. స్టాఫ్ మీటింగులో రెండుసార్లు ఎత్తారు. తన క్లాసులో తానే, భిన్నాల నడుమ ఎత్తారు. పిల్లలు కడుపులు పట్టుకుని నవ్వారు. మూడో వారం హెడ్‌మిస్ట్రెస్ గారు ప్రసంగం మొదలెట్టి రెండో వాక్యంలో ఉండగా మళ్లీ ఎత్తారు. ప్రసంగం ముగించి ఆవిడ వరండాలోకి వచ్చారు.

"నేను మాట్లాడుతుంటే లేచిపోతారా మాస్టారూ? నాకింక ఓపిక లేదండీ."

"పాప కోసమండీ."

"పాపకి కార్డు ఇచ్చారుగా."

"ఇచ్చారు. మొదటిరోజు ఎత్తితే క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. అంతే, జేబులో దాచేసింది. మళ్లీ తియ్యలేదు. నన్ను చూసి చూసి వీళ్లకి విసుగు పుట్టాలి మేడమ్. ఇంకా ఐదారుగురికి పుట్టలేదు. లేచి లేచి నా మోకాళ్లు పోతున్నాయి."



నెలాఖరుకి నాలుగు రోజులున్నాయనగా హాల్లో మైకు కీచుమంది. పాప చేతులు చెవుల మీదికి పోయాయి. ఒక చెయ్యి మెల్లిగా జేబులోకి వెళ్లింది. కార్డు పైకి లేచింది. పక్కనున్న పిల్లలు మోకాళ్లు జరిపి దారిచ్చారు. ఒకమ్మాయి ఆవులించింది. తల తిప్పినవాళ్లు ఒక్కరు లేరు. బయటికెళ్లిన పాప ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి తన చోట కూర్చుంది.

తర్వాతి రోజుల్లోనూ అంతే. నెలాఖరున కమిటీ కూర్చునే ముందు హెడ్‌మిస్ట్రెస్ గారు మాస్టారి దగ్గరికి వెళ్లారు. "ఇవాళ్టికి మీ కార్డు నాకివ్వండి."

మొదటి అంశం, పాప ఇక్కడే చదవాలని తేలింది. రెండో అంశం, గోడకి రంగు. అధ్యక్షుల వారు గొంతు సవరించుకుంటుండగా ఆవిడ కార్డు ఎత్తి, తిన్నగా గేటు దగ్గరికి నడిచారు.

"రేపట్నుంచి పనికి వెళ్లమ్మా. నీ కూతురు ఇక్కడే చదువుతుంది."

తల్లి ఆఫీసు గది వైపు చూస్తూ అడిగింది, "మీటింగు అయిపోయిందా మేడమ్?"

"ఎక్కడమ్మా. నాకింకా నాలుగు నిమిషాలున్నాయి. కాస్త జరుగు," అని ఆవిడ బెంచీ మీద కూలబడ్డారు.