పథ్యం చెప్పని డాక్టరు

మైసూరు మహారాజుగారి ఏలుబడి నడుస్తున్న ఆ కాలంలో పావగడ సీమలో ఇంగ్లీషు వైద్యుడంటే జనానికి సగం భక్తి, సగం అనుమానం. తర్వాత్తర్వాత నేను బడి పెట్టాను, శెనక్కాయల నూనె మిల్లు పెట్టాను, మెడ నొప్పి పుట్టేటన్ని దండలు వేయించుకున్నాను. కానీ పట్టా పుచ్చుకొని కొత్తగా వచ్చిన ఏడాది నాకున్నవి రెండే: ఒక స్టెతస్కోపు, కొండంత గర్వం. (రెండోదే ఎక్కువ బరువు.) అప్పుడే దగ్గరి పల్లె అరసికెరె నుంచి ఒక పెద్ద రైతు చలిజ్వరంతో బండిలో వచ్చాడు. క్వినైను పొట్లాలు కట్టిచ్చాను. "పథ్యమేంది సామీ?" అని అడిగాడు. నాటువైద్యుల చాదస్తాలంటే నాకు ఒళ్లుమంట. "పథ్యం లేదు, గిథ్యం లేదు. ఏం కావాలంటే అది తినొచ్చు పెద్దాయనా," అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. జ్వరం వల్ల కాబోలనుకున్నాను.

మూడో రోజు ఆయన కొడుకు వచ్చి గడపలో నిలబడ్డాడు. "సామీ, మా నాయన ఇంకెన్ని దినాలుంటాడో దాచకుండా చెప్పండి. బెంగుళూరులో ఉండే మా అక్కకు తంతి కొట్టాల."

నేను బిత్తరపోయాను. మా కాంపౌండరు (నాకంటే పాతికేళ్లు పెద్ద) తల కొట్టుకున్నాడు. "ఏమన్నా తినమని చెప్పేది సచ్చేవాళ్లకే కదా సార్! పథ్యం చెప్పకుండా యాడన్నా పంపిస్తారా?"

పరుగున బండెక్కి వెళ్లాను. మంచం చుట్టూ చుట్టాలు. పెద్దాయన పక్కన ఓళిగలు (అదే, బొబ్బట్లు), కోడికూర. మందు పొట్లాలు మాత్రం విప్పనేలేదు. "ఎట్లాగూ పోయేవాణ్ణి, ఆ చేదెందుకు సామీ," అన్నాడు నింపాదిగా. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. నేనన్న ఒక్క మాటకు ఈ మనిషి నిజంగానే పోతాడేమోనని భయమేసింది.

"ఎత్తేయండి ఇవన్నీ! ఈయన వంకాయ ముట్టకూడదు!" అని అరిచాను. (వంకాయే ఎందుకో నాకూ తెలీదు, నోటికదే వచ్చింది.)

పెద్దాయన మెల్లగా తలెత్తాడు. "పులుసులో గూడానా?"

"పులుసులో కూడా."

"వంకాయ వద్దంటాండాడంటే బతుకుతాడమ్మో!" అని ఆయన భార్య ఏడుస్తూనే నవ్వింది. ఆయన క్వినైను గుటుక్కున మింగాడు. వారానికి లేచి పొలానికి పోయాడు.

చాలా ఏళ్లకు వై.ఎన్.హొసకోటలో ఒక పెళ్లిభోజనంలో ఆయన పక్కనే కూర్చున్నాను. వంకాయ కూర రాగానే ఆయన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకొద్దప్పా. మా డాక్టరు సామి చెప్పిన పథ్యం," అన్నాడు, నలుగురికీ వినబడేలా.

"ఇంకానా?" అన్నాను.

"ఎన్నాళ్లో మీరు చెప్పల్యా గదా సామీ. నాకు వంకాయంటే పానం. అయినా ముట్టలే."

ఇంక తినొచ్చు పెద్దాయనా అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆ మాటంటే ఆయన ఇంటికెళ్లి మంచమెక్కి కూతురికి తంతి కొట్టిస్తాడు. నా ఆకులోని వంకాయను ఆ రోజు నేనూ పక్కకు నెట్టేశాను. అంత నమ్మకానికి ఆ కుర్ర డాక్టరు తగినవాడేనా అని ఇప్పటికీ నవ్వుకుంటాను.