అరుగు మీది మిలటరీ ఆస్పత్రి

నా చిన్నప్పుడు నందిగామ దగ్గర మా ఊళ్లో ఎవరికి దెబ్బ తగిలినా ముందు మా అరుగు మీదికే మోసుకొచ్చేవారు. మా తాతయ్య యుద్ధకాలంలో మిలటరీ ఆస్పత్రిలో వార్డుబాయ్‌గా చేసి వచ్చినవాడు. ఊరికి తిరిగొచ్చినా ఆ ఆస్పత్రిని వదల్లేదు. నులక మంచాలు, ముడత లేని దుప్పట్లు, పొద్దున్నే తనిఖీ. ఆ వేళ రోగి మూలగకూడదు, పడుకునే అటెన్షన్‌లో ఉండాలి. తనకు మించిన కేసైతే జగ్గయ్యపేట పెద్దాస్పత్రికి బస్సెక్కించేవాడు.

ఒక ఏడు ఈస్టరు ముందు మా చర్చి సంఘంలో గొడవ వచ్చింది. మందిరం మీది మైకు గొట్టం పై వీధి వైపు ఉండాలా, కింది వీధి వైపు ఉండాలా అని. వరసకు బావాబావమరుదులైన ఇద్దరు సంఘ పెద్దలు మాటలు మానేశారు. మీరు సమాధానపడేదాకా ఎవరికీ ప్రభువు బల్ల లేదు, ఈస్టరుకు కూడా రొట్టె, ద్రాక్షరసం ఇవ్వనని పాస్టరుగారు చెప్పేశారు. వచ్చే ఈస్టరుకు తానుంటుందో లేదోనని మా నాయనమ్మ కళ్లు తుడుచుకుంది.

ఈస్టరు ముందు గురువారం ఇద్దరూ ఒకే నిచ్చెన ఎక్కారు. గొట్టం తిప్పడానికి పై వీధి ఆయన, ఆయన్ని దించడానికి కింది వీధి ఆయన. దిగడం మాత్రం కలిసే దిగారు, నిచ్చెనతో సహా.

పై వీధి ఆయనకు మడమ బెణికింది. తాతయ్య ఆ కాలికి బద్దలు కట్టి, మంచం దిగొద్దన్నాడు. కింది వీధి ఆయనకు కుడి మణికట్టు వాచింది. ఆయనకు రెండు చేతులకూ వేళ్ల నుంచి మోచేతుల దాకా గుడ్డ చుట్టాడు.

"తాతయ్యా, దెబ్బ కుడి చేతికేగా?" అన్నాను.

"వార్డులో నోరు మూసుకోవడం కూడా వైద్యమే అమ్మడూ."

తర్వాత రూలు చెప్పాడు. మిలటరీ ఆస్పత్రిలో ఏ ఊరివాడైనా, ఏ మతంవాడైనా, నడవగలిగినవాడు లేవలేనివాడికి టీ అందించాలి. చెబుతూనే టీ క్యాను కింది వీధి ఆయన మోచేతికి తగిలించాడు. ఆయన గొణుక్కుంటూ పక్క మంచం దాకా మోశాడు. పై వీధి ఆయన పోసుకుని తాగాడు. గ్లాసు మళ్లీ నింపి, ఎదుటి కట్లు చూసి ఆగిపోయాడు. ఆ చేతులు గ్లాసు పట్టలేవు. గ్లాసు తనే ఆయన మూతి దగ్గరికి తెచ్చాడు.

"నోరు తెరువు బావా, చల్లారిపోద్ది."

"నెమ్మదిగా పొయ్యి బావా, మూతి కాల్తంది."

లోపలి నుంచి నాయనమ్మ "స్తోత్రం" అన్నది వినబడింది.

ఈస్టరు రోజున ఒకాయన కుంటుతూ, ఇంకొకాయన భుజం ఆనిస్తూ మందిరానికొచ్చారు. బల్ల దగ్గర కట్ల ఆయనకు రొట్టె బావగారే నోట పెట్టాడు. నాయనమ్మ తృప్తిగా తీసుకుంది. మైకు గొట్టం మాత్రం నిచ్చెన తగిలి ఆకాశం వైపు తిరిగిపోయింది. దేవుడికి బాగా వినబడుతుందని అలాగే వదిలేశారు.

సోమవారం కట్లు విప్పితే ఎడమ చెయ్యి నవనవలాడుతూ ఉంది. "దీనికేమైంది మామా?" అన్నాడాయన.

"నయమైంది," అన్నాడు తాతయ్య.

ఇప్పుడు స్త్రీల సమాజంలో నేనే పెద్దదాన్ని. ఎవరితోనైనా మాట బిగుసుకుంటే మోకరించి ప్రార్థన చేస్తాను. తర్వాత నా రెండు చేతులకూ కట్లున్నాయనుకుని, నోటికి గ్లాసు అందించేవాళ్లెవరా అని ఆలోచిస్తాను. లేచి వాళ్లింటికి నడుస్తాను.