తరుగు తీసిన లెక్క

ముందే ఒప్పేసుకుంటున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. నా నోట పడిన పిల్లి సాయంత్రానికల్లా పులి అవుతుంది, మర్నాటికి పిల్లల్ని కూడా పెడుతుంది. కాబట్టి నా ఈడువాళ్ళు ఇది చదివేటప్పుడు ప్రతి మాటలోనూ కొంత తగ్గించుకొని చదువుకోవాలని మనవి.

మొన్న మా అమ్మాయి పేపర్లో ఒక వార్త చూపించింది. ఈ ఏడు లెక్కల పరీక్ష మరీ కష్టంగా వచ్చినందువల్ల పిల్లలందరి మార్కులనూ ఒక కొలతకు తెచ్చి సరిచేశారట. ఇదేదో నిన్నగాక మొన్న పుట్టిన విద్య అయినట్టు అది ఆశ్చర్యపోతూంటే నాకు నవ్వొచ్చింది. యాభైల్లో, ఎమ్మిగనూరులో కొత్తగా పంతులు ఉద్యోగంలో చేరి, ఎస్సెల్సీ పేపర్లు దిద్దడానికి ఆదోని వెళ్ళిన ఆ వేసవి కళ్ళముందు నిలబడింది.

మమ్మల్ని కూర్చోబెట్టిన బడి పక్కనే పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. కిటికీలు మూస్తే ఉడికిపోతాం, తెరిస్తే దూది లోపలికి వస్తుంది. మధ్యాహ్నానికల్లా మేమందరం తెల్లగడ్డాల ఋషుల్లా తయారయ్యేవాళ్ళం, ఒక్కొక్కరి మీసాలు దులిపితే చిన్న పరుపు కుట్టించుకోవచ్చు. మాకు పెద్దగా ఉన్న చీఫ్ పరీక్షకులవారి మీసం సంగతైతే చెప్పనక్కర్లేదు, దానిమీద ఒక పిచ్చుక కాపురం పెట్టేదని నా నమ్మకం. ఆయనదొక పద్ధతి. పొద్దున్నే ఏదో ఒక పేపరు తీసి పైకి చదివి వినిపించేవారు. మేమందరం ఎవరికి తోచిన మార్కు వాళ్ళం చీటీమీద వేసి బోర్లించాలి, తరవాత ఒక్కసారిగా తిరగేయాలి. ఎవరి చేయి ధారాళమో, ఎవరిది పిడికిలో అక్కడే బయటపడేది. అందరూ ఒక దారికి వచ్చేదాకా కట్టలు విప్పనిచ్చేవారు కారు.

ఆ ఏడే మా చిన్నాన్న కొడుకు రెండోసారి పరీక్షకు కూర్చున్నాడు. వాడికి కాలేజీలో చదివి నాలాగే పంతులు కావాలని ఆశ. మళ్ళీ తప్పితే పత్తి కొనే మండీలో కాటా దగ్గర నిలబెడతానని చిన్నాన్న తేల్చి చెప్పేశాడు. వర్షం మొహం చూడని చేను నమ్ముకున్న మనిషి, ఆయన మాత్రం ఏం చేస్తాడు? లెక్కల పరీక్ష రాసివచ్చి మావాడు ఛాతీ విరుచుకొని నాతో అన్నాడు, "అన్నా, పత్తి లెక్క శానా సుళువుగా వచ్చినాది. నేనైతే తరుగు గూడా తీసినా!"

నా గుండె జారి అరికాళ్ళలోకి వచ్చింది. ప్రశ్నేమో, ఒక రైతు తన పత్తిలో ఇంత ఉంచుకొని మిగతాది మండీకి తోలితే ఎంత బరువు పత్తి అమ్మినట్టు అని. అందులో తరుగు ఊసే లేదు. కానీ మన పిల్లలు పుట్టి బుద్ధెరిగాక తరుగు తీయని కాటాను చూస్తే కదా! గోనెసంచి బరువని, తేమని, చెత్త అని వర్తకుడు ఎంతో కొంత కొట్టేశాకనే బరువు చెబుతాడు. అందుకని మావాడొక్కడే కాదు, కట్టలకు కట్టలు తరుగు తీసే రాశాయి. పేపర్లమీద నెంబర్లు తప్ప పేర్లు లేకపోయినా, ఏ తాలూకా పిల్లలవో తరుగే చెప్పేసింది.

కొన్ని కట్టలు దిద్దేశాక, ఒక పొద్దున అలాంటి పేపరొకటి చీఫ్‌గారు చదివారు. చీటీలు తిరగేస్తే నాది పదికి పది, నా పక్కన కూర్చున్న గోదావరి పంతులుగారిది సున్న.

"అదేవిటండీ, ప్రశ్నలో లేని తరుగు వీళ్ళకెక్కణ్ణించి వచ్చిందండీ?" అన్నాడాయన.

"తరుగు తీయని మండీ ఈడ యాడన్నా ఉంటే సూపించు సామీ, పంతులు పని ఇడిసిపెట్టి నేనూ పత్తి ఏస్తా," అన్నాను.

"వర్తకుడు కోస్తే కోశాడు, కుర్రాడు తనంతట తనే కోసుకోవడమేవిటండీ మరీనూ!"

దానికి అందరూ నవ్వారు, నేను తప్ప. మా వాదన మూడు రోజులు నడిచిందంటాను, అరగంటకు తక్కువైతే ఉండదు. చివరికి చీఫ్‌గారు మీసంలోని దూది దులుపుకొని తీర్పు చెప్పారు. "ఇద్దరూ గమ్మునుండండప్పా. దారి తెలిసినోనికి ఏడు, జవాబు తప్పినందుకు మూడు కోత. అందరూ అంతే ఎయ్యాల. దిద్దిన కట్టలు గూడా ఇప్పి, సున్న ఏసినోడు పెంచాల, పది ఏసినోడు దించాల."

అందరికంటే ఎక్కువ కట్టలు దిద్దినవాడు ఆ గోదావరాయనే. చెమట కాగితాలమీద పడకుండా మెడకు తువ్వాలు చుట్టుకొని, ఒక్కొక్క సున్నాను కొట్టేసి ఏడు వేస్తూ, మళ్ళీ మొత్తాలు కూడుకుంటూ కూర్చున్నాడు. ఆయన చేతిలో తప్పిన పిల్లలు ఎంతమంది ఆ సాయంత్రం గట్టెక్కారో! ఆయన పక్కనే కూర్చొని నేను నా పదులను ఏడుకు దించుకుంటూ పోయాను.

ఫలితాలు వచ్చాయి. మా తమ్ముడు గట్టెక్కాడు. చిన్నాన్న ఎద్దుల కొమ్ములకు రంగులు పూయించి, ఊరికి ఊరంతటికీ బెల్లం పంచాడు, చీమలు కూడా ఆ వారం ఇంకెక్కడికీ పోలేదు.

ఇప్పుడు ఎక్కడో ఏ యంత్రమో మార్కులన్నీ ఒక్క గుక్కలో సరిచేసేస్తుందట. మంచిదే. కానీ మొహం తెలియని ఒక పిల్లవాడి లెక్క కోసం పదిమంది పెద్దవాళ్ళు చెమటలు కక్కుతూ పోట్లాడుకున్న ఆ గది ఇక ఎక్కడా ఉండదేమో అనిపిస్తుంది.

ఇక, నేను కల్పించినదేదో చెప్పి సెలవు తీసుకోవాలి. మీసాలు, పిచ్చుక, మూడు రోజుల వాదన, ఇవన్నీ మీరు ఈపాటికే తరుగు తీసి ఉంటారు. అచ్చంగా అల్లినది ఒక్కటే, మా తమ్ముడు గట్టెక్కడం. వాడికి లెక్కల్లో మూడు మార్కులు తక్కువయ్యాయి. కాటా దగ్గరే నిలబడ్డాడు. చాలా ఏళ్ళకు సొంత మండీ పెట్టుకున్నాడు, రైతుల బస్తాలకు తరుగు తీయకుండానే బరువు చెబుతాడు. పక్క మండీలవాళ్ళు వాణ్ణి పిచ్చోడంటారు. ఆ కోత సంగతి చెప్పి ఒకసారి నేను బాధపడబోతే వాడే నన్ను ఓదార్చాడు.

"అందరికీ ఒగటే కొలత గదన్నా, పోనీలే."