కారు తలుపును విన్న మధ్యాహ్నం

మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో ఎవరి కారు అద్దమో సన్నగా రొద చేస్తూ పైకి లేస్తే, నా చేతిలో పని దానంతటదే ఆగిపోతుంది. ఆ మోత నన్ను ఆత్మకూరులో మేము అద్దెకున్న ఇంటి ముంగిట్లోకి, మార్తమ్మ సిస్టర్ దగ్గరికి లాక్కుపోతుంది. పక్క వాటాలో ఉండేదామె. నర్సుగా రిటైరయ్యాక పాత తెల్ల కారొకటి కొనుక్కుని, చుట్టుపక్కల ఊళ్లలో గర్భిణులను చూడటానికి తనే నడుపుకుంటూ వెళ్లేది. ఆ కారును తిట్టినంతగా ఆమె మనుషులను తిట్టగా నేను చూడలేదు.

అప్పుడు నాకు ఆరో నెల దాటింది. అంతకుముందోసారి కడుపుతో ఉన్నప్పుడు ఒక డాక్టరమ్మ నా కడుపు మీద గొట్టం పెట్టి, చాలాసేపు విని, ఏమీ చెప్పకుండా లేచి వెళ్లిపోయింది. ఆ బిడ్డ దక్కలేదు. బిడ్డ గుండె వినే ఆ చెక్క గొట్టం కనబడితేనే నాకు ఒళ్లు చల్లబడేది. సిస్టర్ "జర పండుకో బిడ్డా, చూస్త" అన్నప్పుడల్లా పొయ్యి మీద పాలున్నాయని తప్పించుకునేదాన్ని. "మీ ఇంట్ల పాలు పొద్దుగాల సంది పొంగుతనే ఉన్నయా?" అని నవ్వేది తప్ప బలవంతపెట్టలేదు. బిడ్డ కదిలినట్టనిపించినా, ప్రాణంతో ఉందో లేదోనన్న దిగులుతోనే రోజులు గడిపేదాన్ని.

ఒకరోజు తుంపర పడుతుండగా ఆమె కారు ఎడమ తలుపు అద్దం కిందికి దిగి, మళ్లీ లేవలేదు. వనపర్తి షెడ్డులో ఇస్తే ఎప్పుడిస్తారో తెలియదు. ఊళ్లలో నెలలు నిండినవాళ్లు ఆమె కోసం చూస్తుంటారు. "దీని మోటరు తలుపుల ఏడనో ఉంటది. అది దొరికితే చాలు" అంటూ సంచీలోంచి ఆ గొట్టమే తీసింది! బాగున్న కుడి తలుపు తెరిచి, లోపలివైపు గొట్టం ఆనించి, కళ్లు మూసుకుంది. నేను అద్దం మీట నొక్కుతున్నాను. "ఈడ గాదు... ఈడ గాదు... ఆఁ, ఈడ గురక పెడుతుంది." అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టింది. "నువ్వు గూడ ఇను." గొట్టానికి చెవి పెట్టాను. ఎక్కడో దూరంగా ఎవరో నిద్రపోతున్నట్టు మెత్తటి మోత. ఆ గొట్టంలోంచి అంత హాయిగా ఏదైనా వినబడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"రెండు తలుపులు ఒకదాన్నొకటి అద్దంల చూసుకున్నట్టే ఉంటయి" అని ఎడమ తలుపు మీద అదే చోట గొట్టం పెట్టింది. నొక్కాను. ఆ డాక్టరమ్మలాగే ఆమె చాలాసేపు వింటూ ఉండిపోయింది.

"సప్పుడు లేదా సిస్టర్?"

"పరేషాన్ గాకు. సప్పుడు లేదంటే సచ్చినట్టు గాదు. మల్ల నొక్కు."

ఈసారి చిన్నగా 'టిక్' మందట. "కరెంటు వస్తుంది, తిరుగుతలేదు" అంటూ స్క్రూడ్రైవర్ పిడితో సరిగ్గా అక్కడే నాలుగు దెబ్బలు వేసింది. నేను మీట నొక్కగానే అద్దం మూలుగుతూ పైకి వచ్చేసింది.

ఎక్కడి ధైర్యమో, "నన్ను గూడ చూడుండ్రి సిస్టర్" అన్నాను. ఆమె ఏమీ అడగకుండా నన్ను తన మంచం మీద పడుకోబెట్టింది. బయట వాన పెరిగింది. గొట్టం ఒకచోట ఆగి, ఇంకోచోటికి జరిగి, మళ్లీ ఆగింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. అప్పుడామె నా చేయి అందుకుంది. "నీ కడుపుల సప్పుడు నువ్వు ఇనలేవు గద. గిట్ల కొట్టుకుంటుంది, చూడు" అని నా అరచేతిలో వేలితో గబగబా తాళం వేసింది. వేస్తూనే ఉంది. నేను వెక్కివెక్కి ఏడ్చాను.

సిస్టర్ ఇప్పుడు లేదు. నా కూతురు నాకంటే పొడుగు ఎదిగింది. ఎవరైనా భయంతో నా ముందు కూర్చుంటే, చెప్పాల్సింది మంచిదైనా చెడ్డదైనా, ముందు వాళ్ల అరచేయి నా చేతిలోకి తీసుకుంటాను.