తాత మంచం దిగిన మధ్యాహ్నం

ఆఫీసులో ఇకిగాయ్ అనే జపాన్ మాట మీద క్లాసు పెట్టారు. పొద్దున్నే మంచం దిగాలనిపించేది దేనికోసమో రాయమన్నారు. ఇంతలో కిటికీలోంచి వాన వాసన కొట్టింది. నా పెన్ను ఆగిపోయింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. "ఇక రెస్టు తీసుకో నాన్నా" అని మా నాన్న పొలం పెత్తనం తీసుకున్నాక తాత మంచం పట్టాడు. జబ్బేమీ లేదని డాక్టరు చెప్పినా లేవలేదు. నాయనమ్మే అన్నం కలిపి నోట్లో పెట్టేది. తాత కాళ్లు ఇక పనిచెయ్యవనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఇదే వాసన వచ్చింది. ఇంటి వెనక కల్లంలో మిరపకాయలన్నీ ఆరబోసి ఉన్నాయి. తడిస్తే రంగు పోయి తాలు కింద జమ. నాన్న గుంటూరు వెళ్లాడు.

"ఒరేయ్, పట్టాలు! పట్టాలు కప్పండ్రా!"

చూద్దును కదా, తాత! పంచె ఎగ్గట్టి పరిగెత్తుతున్నాడు. నాయనమ్మ చేతిలో చెంబు జారిపోయింది. నేను కొయ్యబారిపోయాను.

వాన వెలిశాక నాకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నాళ్లూ దొంగ జబ్బా తాతా?" అని ఏడ్చాను.

తాత తన కాళ్ల వంక వింతగా చూసుకున్నాడు. "ఏమోరా, నాకూ తెలీదు."

మర్నాడు నాన్న గుంటూరు నుంచి వచ్చి, సంగతి విని, ఆ మంచాన్ని మోసుకెళ్లి కల్లం పక్కన వేశాడు. "మబ్బు పడితే కేకెయ్ నాన్నా. నాకు తెలిసి చావట్లేదు" అన్నాడు.

నాన్నకు మబ్బు తెలియకపోవడమేమిటని మళ్లీ నిర్ఘాంతపోయాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. తాత మాత్రం అప్పటికే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పడమటి వైపు చూస్తున్నాడు.

నాన్న అంత పెద్ద అబద్ధం ఆడగా నేను విన్నది అదొక్కసారే.