రెండు వేళ్ల పట్టు

ఆ శాస్త్రవేత్త ఇరవై రెండేళ్లుగా ఎలుకల మెడల్లోని లింఫు గ్రంథులనే చూస్తున్నాడు. ఒంట్లోకి సూక్ష్మజీవి చొరబడితే, రక్షక కణాలు ఆ కబురును లింఫు నాళాల గుండా గ్రంథికి ఎలా చేరవేస్తాయో పూసగుచ్చినట్టు చెప్పగలడు. ఇంట్లో కబురు మాత్రం మూడోసారి చెబితే గానీ ఆయనకు చేరదు. ఎలుకలను పట్టీ పట్టీ ఆయన బొటనవేలు, చూపుడువేలు కాయలు కాశాయి.

మొన్న పొద్దున కూతురికి దవడ కింద గోలీకాయంత వాపు వచ్చింది. పిల్ల భయపడుతూ మూడోసారి చెప్పాక ఆయన పేపరు దించి, అలవాటుకొద్దీ రెండు వేళ్లతో ఆమె మెడ వెనక చర్మం పట్టుకుని పైకెత్తబోయాడు.

"నాన్నా, నేను ఎలుకని కాదు," అంది పిల్ల.

ఆయన కణాల కబుర్ల గురించి అరగంట చెప్పాడు. పిల్లకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇంతకీ దీనికేమైందంటారు?" అంది భార్య.

"ఒక్క పిల్లని చూసి తేల్చలేం. కనీసం ఆరుగురైనా ఉండాలి."

ఆవిడ పిల్లను కిటికీ వైపు తిప్పి నోరు తెరిపించింది. వెనక పన్ను పుచ్చి నల్లగా ఉంది. ఆయనా తొంగి చూశాడు.

"మా ఎలుకలకి ఎప్పుడూ పన్ను పుచ్చలేదే," అన్నాడు, తప్పంతా పిల్లదే అన్నట్టు.