కొండకి నిప్పు పెడుతున్నాం, భయపడవద్దు

ఫారెస్టు బీట్ ఆఫీసర్‌గా నా మొదటి పోస్టింగు వినుకొండ అవతల ఒక చిన్న కొండ. చలి తగ్గుతుండగానే దాని చుట్టూ ఉన్న ఎండుగడ్డిని వెడల్పాటి బాటలాగా మేమే తగలబెట్టాలి. ఎండల్లో ఎక్కడ నిప్పు రాజుకున్నా, ఆ నల్లటి బాట దగ్గరికొచ్చేసరికి కాలడానికేమీ దొరక్క ఆగిపోతుంది. పని సులువే. చిక్కంతా ఊరికి చెప్పడంలోనే వచ్చింది.

ముందురోజు ఆటోకి మైకు కట్టించి నేనే చెప్పాను: "రేపు ఉదయం కొండకి నిప్పు పెడుతున్నాం. ఎవరూ భయపడవద్దు."

ఊరంతా భయపడింది.

పొద్దున్నే నేనూ ఇద్దరు వాచర్లూ వెళ్ళేసరికి, కొండ కింద రైతులు మందు కొట్టే ట్యాంకులు వీపులకు తగిలించుకుని వరసగా నిలబడి ఉన్నారు. ట్యాంకుల నిండా నీళ్ళు. వాళ్ళ వెనక కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. మేం గడ్డి అంటించాం. వాళ్ళు ఆర్పేశారు. నాలుగడుగులు జరిగి మళ్ళీ అంటించాం. అక్కడికీ వచ్చి ఆర్పేశారు.

"అడవిని కాపాడటానికే అంటిస్తున్నామండీ," అన్నాను ముందున్న రైతుతో.

"మేం ఆర్పేదీ అందుకేగా మేడమ్," అన్నాడాయన, పంపు కొట్టడం ఆపకుండానే.

కల్లంలో తాలుకాయలు ఏరుతున్న పెద్దావిడ ఒకామె చూసి చూసి లేచి వచ్చింది. "ఒరేయ్, ఆ పిల్లని అంటించుకోనీండ్రా! మీరు పక్కనే నడవండి. మంట ఇటు తిరిగిందా, ముందు మంటని తడపండి, తర్వాత ఆ పిల్లని తడపండి."

మాకూ రైతులకూ నచ్చింది. మధ్యలో మంట, రెండువైపులా ట్యాంకులవాళ్ళు, పెళ్ళి ఊరేగింపులాగా కొండ చుట్టూ కదిలాం. గాలి మళ్ళినప్పుడల్లా అందరం కలిసి దగ్గాం.

ఆఖరి పొగ కూడా ఆరిపోయాక గంట కొట్టుకుంటూ ఫైరింజన్ వచ్చింది. ఎవరో ఫోన్ చేశారట. దిగినాయన కొండ వంక చూసి, "మంటేదండీ?" అన్నాడు.

"అయిపోయిందండీ."

"ఇంతదూరం వచ్చి ఊరికే ఎలా వెళ్తామండీ?" ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

రైతులు మొహమొహాలు చూసుకున్నారు. ఒకాయన వెళ్ళి, పీకేసిన పత్తి కట్టె మోపు తెచ్చి, దున్నిన చేలో కుప్పపోశాడు. నేను అంటించాను. ఫైరింజన్ వాళ్ళు గొట్టం విప్పి ఒక్క దెబ్బకు ఆర్పారు. మంటతోపాటు కుప్ప కూడా కొట్టుకుపోయింది. అందరం చప్పట్లు కొట్టాం. ఊళ్ళోవాళ్ళు టీ తెప్పించారు.

నడి ఎండాకాలంలో రోడ్డు పక్క గడ్డి అంటుకుని, మంట కొండవైపు పరుగెత్తిందని కబురొచ్చింది. ఉన్నపళంగా వెళ్ళాను. మంట మా బాట దాకా వచ్చి, అక్కడే ఆరిపోయి ఉంది. ఇటు వేడి బూడిద, అటు మోకాలెత్తు గడ్డి చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. అందులోంచి ఒక కౌజుపిట్ట బయటికొచ్చి, ఠీవిగా బాట దాటి, బూడిదలో అడుగుపెట్టి, కాళ్ళు చురుక్కుమన్నాయేమో, వచ్చినదానికంటే వేగంగా వెనక్కి పరుగెత్తింది. చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి పగలబడి నవ్వాను.